అద్దాలక్క పడవాట

బస్టాండు వెనక వీధిలోని కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళేవాళ్ళలో చాలామందికి ముందున్న కౌంటరు, అద్దాల బీరువాలు, కళ్ళు పరీక్షించే కుర్చీ మాత్రమే తెలుసు. కౌంటరు వెనక ఒక తెర ఉంది. తెర వెనక, మంచం వేస్తే తలుపు తెరుచుకోనంత చిన్న గది. ఆ గదిలో కిటికీ పక్కన, అరగదీసే యంత్రం ముందు, ఎత్తు స్టూలు మీద ఒకావిడ కూర్చుని ఉంటుంది. గుండ్రంగా వచ్చిన అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీయడం, అంచులు నునుపు చేయడం, బిగించి, మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురులోకి ఎత్తి చూసి డబ్బాలో పెట్టడం ఆవిడ పని. పెళ్ళికి ముందు ఆ పనిలో చేరింది. కూతురు కాలేజీ చదువు ముగించబోతున్న నాటికీ అదే స్టూలు, అదే కిటికీ. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆవిడని అద్దాలక్క అంటారు. "మా ఆవిడ అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు," అని భర్త నవ్వుతుంటాడు.

ఆ భర్త డ్రైవింగు స్కూల్లో మాస్టారు. కొత్తవాళ్ళు గోడల మీదికి బండి తోలుతుంటే, పక్క సీట్లో కూర్చుని, కాలు బ్రేకు మీద పెట్టుకుని బతికిన మనిషి. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో ఎవరైనా గబగబా మూల తిరిగినా ఆయన కుడికాలు దానంతటదే నేలని నొక్కుతుంది.

అద్దాలక్కకి కోరికలంటూ లేవని ఇంట్లోవాళ్ళ నమ్మకం. బజారుకెళ్ళినా, ఊరెళ్ళినా "నీకేం కావాలి?" అంటే "నాకెందుకు, మీరు కొనుక్కోండి" అనేది. "అమ్మకి ఏది ఇష్టమో కనుక్కోవడం కంటే పరీక్ష పాసవడం తేలిక," అని కూతురు విసుక్కునేది.

అలాంటి మనిషి ఒకరోజు సాయంత్రం పని నుంచి వస్తూ పాత సినిమా హాలు ముందు ఆగిపోయింది.

హాలు మూతపడి చాలా కాలమైంది. దాన్ని కూలగొట్టి ఏదో షాపింగు కాంప్లెక్సు కడతారట. లోపలి సామాను పేవ్‌మెంటు మీద కుప్ప పోశారు. చిరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన ఫ్యాన్లు, టికెట్ల కిటికీ ఊచలు. వాటి మధ్య, గోడకి ఆనించి, నిలువెత్తు చెక్క పెట్టె ఒకటి. ముందువైపు పగిలిన తెర, తెర కింద వాలు బల్ల, బల్ల మీద ఎర్ర గోళీలాంటి తల ఉన్న స్టిక్కు, పక్కన రంగు వెలిసిన గుండీలు. పాతకాలం వీడియో గేము మిషను.

అద్దాలక్క చేతిసంచీ భుజం మీంచి జారి మోచేతి దగ్గరికి వచ్చింది. ఆవిడ గమనించలేదు.

ఆవిడ చిన్నప్పుడు, వాళ్ళ వీధి చివర, టైర్ల కొట్టుకీ గడియారాల కొట్టుకీ మధ్య ఇరుగ్గా ఒక వీడియో గేముల దుకాణం ఉండేది. తమ్ముడికి అదే లోకం. భోజనం వేళకి వాణ్ణి పిలుచుకురావడం అక్క పని. ఆడపిల్లలు లోపలికి రాకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు, ఎవరూ నోటితో అనలేదు. ఒక్కరూ వెళ్ళేవాళ్ళు కాదు, అంతే. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి, మగపిల్లల భుజాల సందుల్లోంచి లోపలికి చూసేది. తమ్ముడు ఎప్పుడూ ఒకే ఆట ఆడేవాడు. తెల్లటి చిన్న పడవ నదికి ఎదురీదుతూ పోతుంది. ఒడ్ల మీంచి బండలు దొర్లుతాయి, పైనుంచి పక్షులు రాళ్ళు విసురుతాయి, మూడో మలుపు దాటాక సుడిగుండం వస్తుంది. సుడిగుండం దగ్గర ఎడమ ఒడ్డుని రాసుకుంటూ పోవాలని తమ్ముడి కంటే ముందు ఆవిడే కనిపెట్టింది. గుమ్మంలోంచి "ఎడమకి! ఎడమకి!" అని అరిచేది. ఇంటికొచ్చాక బకెట్టులో సబ్బుపెట్టెని వదిలి, వేలితో నెడుతూ అదే దారి పట్టించేది. బట్టలు తడపడానికి ఇంతసేపా అని అమ్మ కేకలేసేది.

ఒక్కసారి మాత్రం లోపలికి వెళ్ళింది. దారాలు కొనగా మిగిలిన చిల్లరలోంచి ఒక నాణెం పిడికిట్లో దాచుకుని, తలొంచుకుని, నేరుగా ఆ మిషను దగ్గరికి నడిచింది. నాణెం వేసింది. పాట మొదలైంది. అప్పుడే తమ్ముడూ వాడి జట్టూ వచ్చారు. జట్టులో ఒకడు, "మీ అక్క వచ్చిందిరోయ్, చీపురు కూడా తెచ్చిందేమో చూడండి, ఊడ్చి పోతుంది," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. తమ్ముడి మొహం కందగడ్డలా అయింది. అక్క జబ్బ పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ఆవిడ వేసిన నాణేనికి ఇంకెవరో ఆడుకున్నారు.

ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయింది, పిల్ల పుట్టింది, ఆ దుకాణం పోయి అక్కడ మందుల షాపు వచ్చింది. కానీ ఆ పడవ మాత్రం ఆవిడ బుర్రలో ఎక్కడో ఒక మూల తిరుగుతూనే ఉంది.

పాత సామాను వేసుకుపోయేవాడు లారీ దగ్గర బీడీ ఆర్పి ఇటు వచ్చాడు. "ఏం కావాలక్కా? కుర్చీలా? గట్టివి రెండు మూడున్నాయి."

"ఇది పనిచేస్తుందా?"

"ఇదా?" వాడు మిషను వెనక తలుపు లాగాడు. లోపల్నుంచి చెదలు తిన్న చెక్కపొడి జలజలా రాలింది. "ఎలకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, పెంచి పెద్ద చేసి వెళ్ళిపోయాయక్కా. దీంట్లో ఇంకేం మిగల్లేదు."

"ఈ బల్ల వరకు ఊడదీసి ఇస్తావా? స్టిక్కు, గుండీలు ఉన్నంత వరకు?"

వాడు ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. "దీన్నేం చేసుకుంటావు?"

"ఏమో. ఇంకా తెలీదు."

ఆ జవాబు వాడికి నచ్చినట్టుంది. స్క్రూడ్రైవరు తెచ్చి, వైర్లు తెంపి, బల్ల ఊడదీసి చేతిలో పెట్టాడు. "నాకు టీ తాగించు చాలు," అన్నాడు. ఇద్దరూ ఎదురు కొట్లో టీ తాగారు. ఆవిడ ఆ బల్లని చంటిపిల్లని మోసినట్టు మోసుకుంటూ ఇంటికి చేరింది.

వాళ్ళది రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. భోజనాల బల్ల మీద ఆ మురికి చెక్క చూసి భర్త గబగబా అన్నం గిన్నె పక్కకి జరిపాడు. కూతురు మాత్రం ఎర్ర స్టిక్కు పట్టుకుని అటూ ఇటూ ఊపింది. టిక్, టిక్ అంది.

"అమ్మా, ఇది ఇంకా బతికే ఉంది!"

"మన ఇంట్లో పెట్టుకునేట్టు చిన్న మిషను చేయించాలి," అంది అద్దాలక్క. అన్నాక తనకే సిగ్గేసి, చెంగుతో బల్ల మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టింది.

"ఎవరికి?" అన్నాడు మాస్టారు.

"నాకు."

మాస్టారి కుడికాలు నేలని నొక్కింది. "ఈ వయసులో ఇదేం కోరికే? నలుగురూ వింటే నవ్విపోతారు."

"నవ్వనీ," అంది ఆవిడ. ఆ ఒక్క మాట ఎంత మెల్లగా అందంటే, తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేదు.

మొదట అనుకున్నది ఒకటి, జరిగింది ఒకటి. వడ్రంగిని పిలుద్దామంటే మాస్టారికి పౌరుషం వచ్చింది. "నాలుగు చెక్కలు కోయడానికి వడ్రంగి ఎందుకు? మీటరు టేపు ఉంటే చాలు." ఫ్రిజ్జుకీ కిటికీకీ మధ్య ఖాళీ కొలిచాడు. ముందుకి వచ్చి చూశాడు, వెనక్కి వెళ్ళి చూశాడు, కిటికీ రెక్క తీసి చూశాడు. "బండి పార్కు చేసేముందు నాలుగువైపులా చూసుకోవాలి," అన్నాడు. అంత చూసుకుని, తీరా ప్లైవుడ్డు కోసేసరికి రెండు పక్కల చెక్కల్లో ఒకటి వేలెడు పొట్టిదైంది. నిలబెడితే పెట్టె మొత్తం ఒక పక్కకి ఒరిగింది.

"నాన్నా, ఇది తాగి వచ్చినట్టుంది," అంది కూతురు.

మాస్టారు తల గోక్కున్నాడు. "బండి కొంచెం కుడికి లాగుతోంది. అంతే. దానిదేముంది, అలైన్‌మెంటు చేయిస్తే సరి." పొట్టి చెక్క కింద రబ్బరు ముక్కలు మేకులతో కొట్టి నిలబెట్టాడు.

తెర కొత్తది కొనక్కర్లేకుండా పోయింది. కళ్ళు పరీక్షించే గదిలో పాత సామాను తీసేసి కొత్తది పెట్టించారని, పాత కంప్యూటరు తెర మూలన పడి ఉందని అద్దాలక్కకి తెలుసు. షాపు యజమానిని అడగాలి. అడగడమంటే ఆవిడకి ప్రాణసంకటం. కౌంటరు దగ్గరికి ఒకసారి వెళ్ళి "ఫ్రేముల పెట్టె ఎక్కడ పెట్టారండీ" అని అడిగి వచ్చింది. ఇంకోసారి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చింది. మూడోసారి వెళ్ళేసరికి యజమానే చిరాకు పడ్డాడు.

"ఏంటమ్మా, పొద్దున్నుంచీ అటూ ఇటూ తిరుగుతున్నావ్? ఏమైనా చెప్పాలా?"

చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "గేము మిషనా!" అన్నాడు. మూలనున్న పాత సామాను వైపు చూశాడు. తర్వాత, "తెరొక్కటే ఏం చేసుకుంటావు, అక్షరాల లైటు పెట్టె కూడా తీసుకుపో. పైన బోర్డులా పెడితే బావుంటుంది," అన్నాడు. అది కళ్ళ పరీక్షకి గోడకి తగిలించే పెట్టె. పైన పెద్ద అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్నవై, చివరి వరస చీమల బారులా ఉంటుంది. వెనక లైటు వేస్తే వెలుగుతుంది. ఇంట్లో దాన్ని మిషను నెత్తిన బిగించారు. అక్షరాలు చెరుపుదామని కూతురు అంది గాని అద్దాలక్క ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ముందు ఒక కన్ను మూసుకుని పై నుంచి కిందికి చదవడం, ఆ తర్వాతే ఆట సంగతి అడగడం మామూలైపోయింది.

తెరకి రక్షణగా ముందు బిగించే అద్దంలాంటి పలక మాత్రం అద్దాలక్క ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పని అయిపోయాక షాపులోనే కూర్చుని, ఆ ప్లాస్టిక్కు పలక అంచులు అరగదీసి, వేలు ఆనిస్తే జారిపోయేంత నునుపు చేసి తెచ్చింది. పెట్టె వంకర, పలక నిక్కచ్చి. రెండూ కలవడానికి మాస్టారు ఒక సెలవు రోజంతా రంపంతో కుస్తీ పట్టాడు.

ఇక లోపలి ప్రాణం సంగతి. కూతురు చదువుతున్నది కంప్యూటర్లే. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు బోర్డు తెచ్చి, గుండీల వైర్లు దానికి కలిపింది. పాత ఆటలన్నీ వేసి అమ్మే మెమరీ కార్డు ఒకటి కొనుక్కొచ్చింది. "ఇందులో వందల ఆటలున్నాయమ్మా. మీ ఆట పేరు చెప్పు."

అద్దాలక్క నీళ్ళు నమిలింది. "పడవాట."

"అసలు పేరు?"

"మేం పడవాట అనేవాళ్ళం."

"మావయ్యకి ఫోన్ చేద్దాం. ఆయనకి తెలిసుంటుంది."

తమ్ముడు ఇప్పుడు వేరే ఊళ్ళో ఒక గిడ్డంగిలో మేనేజరు. ఫోనులో వెనక లారీల హారన్లు వినిపిస్తున్నాయి. "ఏ ఆటక్కా?" అన్నాడు. పడవ అంది, పక్షులు అంది, సుడిగుండం అంది. "ఏమో అక్కా, నాకేం గుర్తు లేదు. బైకులాట ఏదో ఆడేవాణ్ణి అనుకుంటా. ఇంతకీ ఎందుకు?"

"ఏం లేదు, ఊరికే," అని ఫోను పెట్టేసింది. రోజూ ఆడినవాడికి గుర్తు లేదట. ఒక్కసారీ ఆడనిదానికి ఒక్కో బండ ఎక్కణ్ణుంచి దొర్లుతుందో గుర్తుంది. ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కూతురు పట్టు వదల్లేదు. వరసగా ఒక్కో ఆటా తెరిచి చూడటం మొదలుపెట్టింది. కాలేజీ నుంచి రాగానే మిషను ముందు చేరడం, ఒక్కోటీ తెరవడం, "ఇదా?" అని అరవడం. వంటింట్లోంచి "కాదు" అని జవాబు. కొన్నాళ్ళకి "ఇదా?" అనడం కూడా మానేసి ఊరికే తిప్పుకుంటూ పోయేది. ఒకరోజు సాయంత్రం అద్దాలక్క గిన్నెలు కడుగుతుంటే, ముందు గదిలోంచి సన్నగా, పిట్ట ఈల వేసినట్టు ఒక పాట ముక్క వినిపించింది. అప్పటికే కూతురు దాన్ని మార్చేసింది.

"ఆగు! వెనక్కి! వెనక్కెళ్ళు!"

తడి చేతులతో, సబ్బు నురగ నేల మీద కారుతుండగా పరుగెత్తుకొచ్చింది. కూతురు వెనక్కి తిప్పింది. నీలం నది. తెల్ల పడవ. ఆ పాట.

"ఇదే," అంది. "ఇదే, ఇదే." మాస్టారు కుర్చీలోంచి లేచి వచ్చి ఆవిడ చేతులు తుడవడానికి తువ్వాలు ఇచ్చాడు.

మర్నాడు సెలవు. కూతురు మిషను ముందు స్టూలు వేసి, "రండి మహారాణీగారూ," అంది. అద్దాలక్క కూర్చుంది. కళ్ళజోడు సర్దుకుంది. స్టిక్కు పట్టుకుంది. ఆవిడకి తెలియని మలుపు ఆ నదిలో లేదు. గుండీ నొక్కింది. పడవ బయల్దేరింది. మొదటి బండ కుడి ఒడ్డు మీంచి దొర్లుతుందని తెలుసు. దొర్లింది. ఎడమకి తిప్పాలని తెలుసు. తిప్పింది. పడవ ఎడమ ఒడ్డుకి గుద్దుకుని మునిగిపోయింది. రెండోసారి బండకే గుద్దుకుంది. మూడోసారి బయల్దేరిన చోటే అటూ ఇటూ ఊగి, పక్షి వేసిన రాయికి బలైంది. ఆట అయిపోయింది.

"మొదటిసారి అంతేలే అమ్మా," అని కూతురు తను కూర్చుని రెండో మలుపు దాకా వెళ్ళింది. మాస్టారు సరదాకి కూర్చుని, స్టీరింగు పట్టిన చెయ్యి కదా, ఇంకాస్త ముందుకే వెళ్ళాడు. "ఇదేముంది, లైను తప్పకపోతే చాలు," అన్నాడు ఉత్సాహంగా. అని, భార్య మొహం చూసి నాలిక్కరుచుకున్నాడు.

అద్దాలక్క లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆ తర్వాత ఆ మిషను దగ్గరికి రాలేదు. దాని మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పేది, తీసి దులిపేది, మళ్ళీ కప్పేది. కూతురు ఆడమంటే "నువ్వాడు, నేను చూస్తాను" అనేది. ఇన్నేళ్ళూ తను ఆడి ఉంటే అందర్నీ మించిపోయేదాన్నని ఆవిడకి లోపల ఒక నమ్మకం ఉండేది. ఎవరికీ చెప్పని ఆ నమ్మకమే ఆ రోజు మునిగింది.

మాస్టారికి ఆ సంగతి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక, ఒక సాయంత్రం టీ గ్లాసు తెచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"మా స్కూలుకి ఒకావిడ వచ్చేది. మొగుడి పక్కన కూర్చుని ఊళ్ళన్నీ తిరిగిందట. ఏ గేరు ఎప్పుడు వెయ్యాలో నాకంటే బాగా చెప్పేది. మొదటి రోజు బండి ఇస్తే నేరుగా తీసుకెళ్ళి కొబ్బరిబోండాల బండికి పెట్టింది."

అద్దాలక్క పెదవులు కొంచెం కదిలాయి. "తర్వాత?"

"తర్వాతేముంది, నేర్చుకుంది. పక్క సీటు వేరే, స్టీరింగు వేరే. ఒడ్డున కూర్చుని ఎంత చూసినా ఒంటికి ఈత రాదు. అంతమాత్రాన చూసింది వృథా అయిపోతుందా ఏంటి? చెయ్యి తిరిగాక అదే పనికొస్తుంది. లే, నేను నేర్పుతా."

"మీరా? మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా మీరు అరుస్తారంటారు."

"అరవను. ఒట్టు."

నాలుగుసార్లు మునిగేలోపే అరిచాడు. "అంత గట్టిగా పట్టుకోకే! మెడ పిసుకుతున్నట్టు పట్టుకుంటే అదెలా తిరుగుతుంది? రెండు వేళ్ళతో పట్టుకో. పడవని చూడకు, ముందు నీళ్ళు చూడు!" ఆవిడ ముందు నీళ్ళు చూడబోయింది. తల పైకెత్తింది, కిందికి దించింది, మళ్ళీ ఎత్తింది. మాస్టారు అరవడం ఆపి, ఆవిడ తల వైపే చూస్తుండిపోయాడు.

"ఎందుకలా కోడిలా తల ఊపుతున్నావు?"

"పైనుంచి చూస్తే మసక, కిందినుంచి చూసినా మసక," అంది. అని, తనే ఆగిపోయింది.

ఆవిడ కళ్ళజోడు రెండు భాగాలది. పై సగం దూరానికి, కింది సగం దగ్గరికి. చత్వారం వచ్చినప్పుడు హడావిడిగా తనకు తానే బిగించుకున్నది. పుస్తకానికి కింది సగం, వీధిలోకి పై సగం. ఈ తెర ఉన్నది చెయ్యి చాస్తే అందే దూరంలో. పుస్తకమంత దగ్గరా కాదు, వీధంత దూరమూ కాదు. ఆ దూరానికి ఆ అద్దాల్లో చోటే లేదు. కంప్యూటరు ముందు పనిచేసేవాళ్ళు ఇదే మాట చెప్పుకుంటూ వస్తే ఎన్ని జతలు బిగించి ఇచ్చిందో లెక్కలేదు. తన కళ్ళ సంగతి ఒక్కసారీ తట్టలేదు.

"ఊళ్ళోవాళ్ళందరికీ చూపు తెప్పించి, నీకు నువ్వు మసకలో కూర్చున్నావా?" అన్నాడు మాస్టారు.

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. చాలాకాలానికి అంత నవ్వు నవ్వింది. మర్నాడు షాపులో యజమాని చేత కళ్ళు పరీక్ష చేయించుకుంది. తన జతని తనే అరగదీసింది. ఫ్రేము ఏదో పాతది తీసుకోబోతే యజమాని బీరువా తెరిచి, "ఇన్నాళ్ళకి నీకంటూ ఒకటి అడిగావు, మంచిది తీసుకో," అన్నాడు. సముద్రం రంగు ఫ్రేము తీసుకుంది.

కొత్త అద్దాల్లోంచి బండలు బండల్లా, పక్షులు పక్షుల్లా కనపడ్డాయి. అయినా పడవ మునుగుతూనే ఉంది గాని, ఇప్పుడు ఎందుకు మునిగిందో తెలుస్తోంది. పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ తాగి కాసేపు ఆడటం అలవాటు చేసుకుంది. మొదటి మలుపు దాటిన రోజు పక్కింటివాళ్ళకి వినపడేంత కేక వేసింది. రెండో మలుపు చాలా రోజులు ఏడిపించింది. చెయ్యి తిరిగేకొద్దీ, మాస్టారు చెప్పినట్టే, చిన్నప్పుడు చూసి గుర్తుపెట్టుకున్నదంతా ఒక్కొక్కటే పనికొచ్చింది. రెండో మలుపు దాటాక కూతుర్ని దాటేసింది. మాస్టారు ఇంకా కొంచెం ముందే ఉన్నాడు గాని, "నాకు టైము దొరకట్లేదు గాని లేకపోతేనా," అని ముందుగానే సాకులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు తమ్ముడు పనిమీద ఊళ్ళోకి వచ్చి అక్క ఇంట్లో దిగాడు. గుమ్మంలోంచే మిషనుని చూసి, ఒక కన్ను మూసుకుని అక్షరాలన్నీ చదివి, "ఇదా నువ్వు ఆ రోజు ఫోనులో అడిగింది!" అన్నాడు. కూర్చుని ఆట పెట్టుకున్నాడు. పాట మొదలవగానే వాడి భుజాలు నిటారుగా అయ్యాయి.

"ఒరేయ్... ఈ పాట... అక్కా, ఇది నేను ఆడాను! టైర్ల కొట్టు పక్కన! నువ్వు గుమ్మంలో నిలబడి అరిచేదానివి కదూ, ఎడమకి, ఎడమకి అని. మావాళ్ళు వెక్కిరించేవాళ్ళు గాని, నువ్వు చెప్పినట్టు తిప్పితేనే దాటేవాణ్ణి."

"అది గుర్తుందా?"

"ఇప్పుడే గుర్తొచ్చింది."

అద్దాలక్క కొంచెంసేపు చీర అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత మామూలు గొంతుతోనే అడిగింది. "నేను ఒకసారి లోపలికొచ్చి నాణెం వేస్తే, నువ్వు జబ్బ పట్టుకుని బయటికి లాక్కొచ్చావు. అది గుర్తుందా?"

తమ్ముడు స్టిక్కు వదిలేశాడు. తెర మీద పడవ దానంతటది పోయి బండకి గుద్దుకుంది. "నేనా?"

"నువ్వే."

"లేదక్కా. నిజంగా గుర్తు లేదు." వాడు నుదురు రుద్దుకున్నాడు. "ఎందుకు లాక్కొచ్చాను?"

"మీవాళ్ళు నవ్వారు. నీకు పరువు పోయింది."

"మరి నువ్వు ఇంటికెళ్ళి అమ్మకి చెప్పలేదే?"

"ఏమని చెప్పను? అక్కడికి ఎందుకెళ్ళావని నన్నే తిట్టేది."

వాడు మిషనుకి వీపు పెట్టి ఇటు తిరిగాడు. నడివయసు మనిషి, జుట్టు పలచబడ్డ మేనేజరు, తప్పు చేసిన పిల్లాడిలా నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. "నాకు గుర్తు లేదు కాబట్టి జరగలేదని అనను. నువ్వన్నావంటే చేసే ఉంటాను. తప్పు చేశానక్కా," అన్నాడు.

అద్దాలక్క ఆ మాట కోసం ఎదురుచూడలేదు. ఎదురుచూడని మాట కాబట్టే నేరుగా వెళ్ళి తగలాల్సిన చోట తగిలింది. కళ్ళు తుడుచుకోవాలంటే కొత్త జోడు తీయాలి. తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"సరేలే, జరుగు. ఇద్దరం కలిసి ఆడే పద్ధతి కూడా ఉందిట. ఒకరు మునిగితే రెండోవాళ్ళ వంతు."

ఆడారు. తమ్ముడు మొదటి మలుపులోనే తికమకపడ్డాడు. "ఎటక్కా? ఎటు పోవాలి? చెప్పవే!"

"నీ పడవ నువ్వు చూసుకో నాయనా. నాది నాకుంది," అంది అద్దాలక్క. వెనకనుంచి మాస్టారూ కూతురూ ఫకాలుమన్నారు.

ఆ రోజు ఆవిడ మూడో మలుపు దాటింది. సుడిగుండం అంచు దాకా వెళ్ళి, ఎడమ ఒడ్డు పట్టుకోబోయి, ఆఖరి క్షణంలో తడబడి మునిగింది. ఇంట్లో అందరూ "అయ్యో!" అన్నారు. ఆవిడ మాత్రం అప్పుడే మళ్ళీ గుండీ నొక్కుతోంది.

వెళ్ళేటప్పుడు తమ్ముడు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "అక్కా, ఇలాంటిది నాకూ ఒకటి చేసి పెట్టవా? మా ఆవిడా పిల్లలూ ఆడుకుంటారు," అన్నాడు. "మా ఆవిడ" అన్న మాట ముందు వచ్చినందుకు అద్దాలక్క ఒప్పేసుకుంది.

ఇప్పుడు వాళ్ళ ముందు గదిలో రెండో పెట్టె తయారవుతోంది. ఈసారి వడ్రంగిని పిలిచారు. "నేను పర్యవేక్షిస్తాను," అని మాస్టారు మీటరు టేపు మెళ్ళో వేసుకుని తిరుగుతున్నాడు. కూతురు వైర్లకి రంగులు అతికిస్తోంది. వడ్రంగి చెక్క మీద పెన్సిలు పెట్టి, "ఎత్తు ఎంత ఉండాలక్కా?" అని అడిగాడు.

"ఒక్క నిమిషం ఆగు," అంది అద్దాలక్క. తమ్ముడి భార్యకి ఫోను కలిపింది.

"మరదలా, ఒకసారి కుర్చీలో కూర్చుని, మోచెయ్యి వంచి, నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిపించి చెప్పు."

"నాదెందుకు వదినా? పిల్లలది చెప్తాను, మీ తమ్ముడిది చెప్తాను. నేనేం ఆడతాను గనక!"

"ముందు నీది చెప్పు," అంది అద్దాలక్క, పెన్సిలు అందుకుంటూ. "మిగతావాళ్ళకి కింద పీట వేద్దాం."